కేసుల్లేని స్టేషన్

పోయిన వారం ఎలీసమ్మను ఈదులపర్రు పోలీస్ స్టేషన్ మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఎడమ కంటికి దూది కట్టు, చేతిలో ఆస్పత్రి చీటీ, పక్కన పాస్టరు జయరావు గారు. ముక్తవరంలో వెంకటనారాయణ గారి మిరప కల్లంలో రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతుంటే ఘాటుకి కళ్ళు మండి, రైతు ఇంటివాళ్ళకని పెట్టుకున్న క్యాను దగ్గర వాళ్ళ గ్లాసుతోనే నీళ్ళు పట్టుకుని ముఖం కడుక్కుంది. చేసిన తప్పు అదే. ఆయన కులం పేరు పెట్టి తిట్టి, జుట్టు పట్టి, ఎండుకాయల రాశిలోకి ఆమె ముఖం అదిమాడు. కల్లం నిండా కూలీలుండగా జరిగిన సంగతిది. ఎస్సై అఖిల ఈ స్టేషన్‌కి వచ్చి మూడు నెలలు నిండలేదు. ఏడాదికేడాది ఇక్కడ అట్రాసిటీ కేసులు తగ్గుతూ తగ్గుతూ ఈ ఏడు సున్నాకెలా వచ్చాయని ఆమె అడిగితే, 'ఊళ్ళు మారాయి మేడమ్' అని రైటరు యలమంద నవ్వాడు. సరిగ్గా అప్పుడే ఎలీసమ్మ గుమ్మంలోకి వచ్చింది.

వచ్చింది గానీ, కుర్చీలో కూర్చోదే! అఖిల రెండుసార్లు చెప్పినా వినకుండా గోడవారగా చతికిలబడబోయింది. చివరికి జయరావు గారు "కూర్చో ఎలీసమ్మా, అమ్మగారు చెప్తున్నారు గదా" అన్నాక, కుర్చీ అంచు మీద, లేవమంటే వెంటనే లేచే వీలుగా కూర్చుంది.

ముక్తవరం మాలపల్లె నుంచి ఎవరు స్టేషన్‌కి రావాలన్నా పాస్టరు అయ్యగారిని వెంటబెట్టుకునే వస్తారు. ఒంటరిగా వస్తే సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి రేపు రమ్మంటారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, గొంతు సవరించుకుని మాట్లాడే అయ్యగారు పక్కనుంటే రైటరు కనీసం తలెత్తి చూస్తాడు. పల్లెకి ఉన్న పలుకుబడంతా ఆయనొక్కడే. ఆ పలుకుబడినే ఎలీసమ్మ ఆ రోజు వెంట తెచ్చుకుంది.

యలమంద కాగితం ముందు పెట్టుకున్నాడు. జుట్టు సగం నెరిసిన హెడ్ కానిస్టేబుల్, మెత్తటి మనిషి. అఖిల చేరిన కొత్తలో ఏ ఊళ్ళో ఎవరితో ఎలా మాట్లాడాలో ఓపిగ్గా చెప్పింది ఆయనే. పేరు రాశాడు, ఊరు రాశాడు. కులం దగ్గరికి వచ్చేసరికి జయరావు గారు అందుకున్నారు.

"ఎస్సై గారూ, ఈమె మాటకి నేను పూచీ అండి. చచ్చినా అబద్ధమాడే మనిషి కాదు. నా చేతులతో నేనే బాప్తీస్మం ఇచ్చాను. ఒక్క ఆదివారం ఆరాధన మానదు. మా స్త్రీల సమాజానికి ఈమే పెద్ద."

యలమంద కలం ఆపాడు. "అట్టాగా అయ్యగారూ! బాప్తీస్మం ఎప్పుడైందండీ?"

"పెళ్ళికి ముందేనండి. వాళ్ళ నాన్న కాలం నుంచి దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లు."

"పండగలేం చేసుకుంటారో?"

"క్రిస్మసు, ఈస్టరు. ఇంకేం చేస్తారండీ!" అన్నారు జయరావు గారు సంతోషంగా. స్టేషన్‌లో ఒక రైటరు ఇంత మర్యాదగా, ఇంత శ్రద్ధగా తన మాట వినడం ఆయన ఎరగడు. తన సంఘం మనిషి ఎంత నమ్మకస్తురాలో చెప్పుకుంటున్నానని ఆయన అనుకుంటున్నాడు. ఒక్కొక్క జవాబుతో ఎలీసమ్మకి దారి మూసేస్తున్నానని పాపం ఆయనకేం తెలుసు? మంచివాళ్ళ చేత తప్పు చేయించడం ఇంత సులువని చూస్తే కడుపు రగిలిపోతుంది.

అఖిలకి మాత్రం అర్థమైంది. లేచి, "యలమంద గారూ, ఒకసారి ఇటు రండి" అంటూ వెనక గదిలోకి నడిచింది.

వెనక గదిలో వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది. యలమంద తలుపు దగ్గరగా వేసి, తనే మొదలుపెట్టాడు.

"మొన్న మీరడిగారు గదా మేడమ్, కేసులు ఎట్టా తగ్గినయ్యని. నవ్వి ఊరుకున్నా. ఇప్పుడు మీ కళ్ళతోనే చూశారు కాబట్టి చెప్తా. నేను వచ్చిన కొత్తలో జనం వచ్చి కులం పేరెట్టి తిట్టాడనేవాళ్ళు. ఆ ముక్క ఒక్కటీ వదిలేసి, 'అసభ్యంగా దూషించాడు' అని రాసేవాళ్ళం. అదీ కుదరకపోతే అవతలోళ్ళ చేత వీళ్ళ మీద దొంగతనం కేసో, ఇంకో కేసో పెట్టించి, ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసేవాళ్ళం. ఇప్పుడంత కష్టం కూడా లేదు. మతం మారినోళ్ళకి ఆ చట్టం వర్తించదని కోర్టు చెప్పింది గదా. ఒక్క ప్రశ్న చాలు. చర్చికి పోతావా అని. పోతామంటారు. వాళ్ళకి అబద్ధం చెప్పడం రాదు. అంతే, అది మామూలు గొడవైపోద్ది."

"అంటే తగ్గింది కొట్టడం కాదు."

"కొట్టడం మన చేతుల్లో లేదు గదా మేడమ్. రాయడమే మన చేతుల్లో ఉంది. పైనుంచి వచ్చే మాట ఎప్పుడూ ఒకటే, పోయినేటి కన్నా తగ్గాలని. తగ్గించాం. మీరు కొత్త, పిల్లల తల్లి, మీకెందుకీ గొడవ?"

అందులో వెటకారం లేదు, బెదిరింపు లేదు. ఇంటి పెద్దాయన బుద్ధి చెప్పినట్టే ఉంది. అందుకే అఖిలకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్కడు కూడా చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా, మండలం మొత్తంలో కులం పేరున జరిగే దౌర్జన్యాన్ని కాగితం మీద లేకుండా చేశారు.

ఆమె గగుర్పాటుకి ఇంకో కారణం కూడా ఉంది. అది యలమందకి తెలియదు. చొక్కా మీద బిళ్ళలో ఉన్న పేరు అఖిల. ఉద్యోగం తెచ్చిన కులం సర్టిఫికెట్‌లో ఉన్నది హిందూ మాల. చీరాలలో అమ్మ పిలిచే పేరు, చర్చిలో చిన్నప్పటి నుంచీ అందరూ పిలిచే పేరు మాత్రం ఫెబా. వాళ్ళ వీధిలో ఇంటింటికీ ఇలా రెండేసి పేర్లున్నాయి. బడికో పేరు, ప్రార్థనకో పేరు. అది అబద్ధమని ఆమెకెప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు యలమంద ఆ ఒక్క ప్రశ్న గురించి చెబుతుంటే, అది తననే ఎవరో అడుగుతున్నట్టు అనిపించింది.

ఫోను మోగింది. సీఐ శ్యామ్ సుందర్.

"అఖిలా, ముక్తవరం ఆవిడ వచ్చిందంట గదా. క్రిస్టియనేగా? మామూలు సెక్షన్లతో కానిచ్చెయ్. వెంకటనారాయణ గారు కూడా వస్తున్నారు, కూర్చుని మాట్లాడుకుంటారు. వచ్చేవారం జిల్లా మీటింగులో మన సర్కిల్లో ఈదులపర్రు ప్రశాంతమైన స్టేషనని చూపిస్తున్నాం. నీకూ మంచి పేరొస్తుంది."

జయరావు గారికి తెప్పించిన టీ ఇంకా చల్లారలేదు. ఆయన నోట వచ్చిన మాట అప్పుడే సీఐ చెవిన పడింది. ఎవరు చేరవేశారని అఖిల అడగలేదు. "సరే సార్" అని మాత్రం అంది.

ఎందుకన్నదంటే, అప్పటికి ఆమెకి ఒక దారి కనిపించింది. జయరావు గారిని వరండాలోకి పంపి, కుర్చీ ఎలీసమ్మ పక్కకి లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించి మాట్లాడబోతే, ఇంటి దగ్గర అలవాటైన పిలుపు నోట్లోంచి జారిపోయింది.

"పిన్నీ, నీ కులం సర్టిఫికెట్‌లో ఏముంది?"

యూనిఫాంలో ఉన్న మనిషి పిన్నీ అనేసరికి ఎలీసమ్మ బిత్తరపోయింది. "హిందూ మాలనే ఉందమ్మా. మా అబ్బాయి మార్కుగాణ్ణి కాలేజీలో చేర్చేటప్పుడు మళ్ళీ తీయించాం."

"అయితే విను. అయ్యగారు ఏదో అభిమానం కొద్దీ అన్నారని చెప్పు. నేను చర్చికి పోను, బాప్తీస్మం తీసుకోలేదు అని చెప్పు. ఆ ముక్క నువ్వంటే చాలు. నేను అట్లాగే రాసి గట్టి కేసు పెడతాను. ఆయన జైలుకి పోతాడు."

ఎలీసమ్మ ఒంటికన్నుతో ఆమెను చూసింది. ఆ కన్ను కూడా ఎర్రగానే ఉంది. దాంట్లోంచి నీళ్ళు కారుతుంటే పైట కొంగుతో అద్దుకుంది.

"నువ్వు చెప్పమంటే చెప్తానమ్మా. చెప్పాక ఆ బయట కూచున్న మనిషి మొహం ఎట్టా చూసేది? మా ఆయన పోయిన రోజు పాడె కింద భుజం పెట్టింది ఆయన. మార్కుగాడికి జ్వరమొస్తే రాత్రంతా మోకాళ్ళ మీదున్నాడు. ఆ దేవుణ్ణి నేనెరగనని ఎట్టా అనేది?" అంది ఎలీసమ్మ. "అయినా నా జుట్టు పట్టుకున్నప్పుడు ఆయన నువ్వే దేవుడికి మొక్కుతావని అడగలేదమ్మా. మాలదానా అన్నాడు. మాలదానా, మా గ్లాసు ముట్టుకుంటావా అన్నాడు. కల్లంలో అందరూ ఇన్నారు. నేను మాలదాన్నని ఆయనకి తెలిసింది. మీ చట్టానికి తెలవదా?"

అఖిలకి తల ఎత్తబుద్ధి కాలేదు. యలమంద ఈమెను మాటల్లో పెట్టి నిజం చెప్పించి దారి మూశాడు. తనేమో జాలితో అబద్ధం చెప్పమని అడిగింది. రెండింటికీ తేడా ఎంతని ఆలోచిస్తే సిగ్గుతో ముఖం కాలిపోయింది.

అంతలో వెంకటనారాయణ గారు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన్ని చూసి ఎలీసమ్మ లేచి నిలబడబోయింది. అఖిల ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏమయ్యా యలమందా, బాగున్నావా?" అని పలకరించి, ఆయన అఖిల వైపు తిరిగాడు. "చూడండి మేడమ్, పనికాడ ఒక మాట అంటాం, పడతారు. కోపంలో చెయ్యి జారింది, కాదనను. కన్ను గుంటూరులో చూపిస్తా. ఎంతైనా రేపు మళ్ళా నా కల్లంలోకే గదా రావాలి? ఏం ఎలీసమ్మా?"

ఎలీసమ్మ చేతిలోని ఆస్పత్రి చీటీ బల్ల మీద పెట్టింది.

"ఆవిడ ఫిర్యాదు ఇచ్చిందండి. రాజీకి రాలేదు," అంది అఖిల.

"అట్టాగా!" వెంకటనారాయణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు మరీ మెత్తబడింది. "చీరాలలో మా తోడల్లుడి బట్టల కొట్టు మీ చర్చికి ఎదురుగానే మేడమ్. మీ అమ్మగారు పాటలు బాగా పాడతారంటగా. మీరు ఊరెళ్ళినప్పుడల్లా ఆవిడ పక్కనే కూచుంటారంట. ఫెబా అని పిలుస్తారంట మిమ్మల్ని. మంచి పేరు. ఆ పేరు మీ ఉద్యోగం కాగితాల్లో ఉన్నట్టు లేదే? కలెక్టరాఫీసులో ఒక అర్జీ పడేస్తే వాళ్ళే చూసుకుంటారు, మనకెందుకు గానీ..."

యలమంద అఖిలను కొత్తగా చూస్తున్నాడు. పదేళ్ళ చదువు, తెల్లవారుజామున మైదానంలో పరుగులు, భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి చేసిన ట్రైనింగు, అంతా ఈ మనిషి రాసే ఒక అర్జీకి ఎగిరిపోవచ్చు. భయం వేసింది ఆమెకి. వేయలేదని చెప్తే అది అబద్ధం. పిల్లల మొహాలు కళ్ళ ముందుకొచ్చాయి.

పక్కన ఎలీసమ్మ మాత్రం అంతసేపట్లో మొదటిసారి కుర్చీలో పూర్తిగా వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఎస్సైని ఆమె ఒంటికన్నుతో చూస్తున్న చూపు మారిపోయింది. మనమ్మాయే అన్న చూపు. ఆ చూపు తగిలాక అఖిలకి ఇక వెనక్కి తగ్గే వీలు లేకపోయింది.

"యలమంద గారూ, రాసుకోండి. కులం దగ్గర మాల అని రాయండి. మతం దగ్గర అయ్యగారు ఏం చెప్పారో అదే రాయండి, ఒక్క ముక్క దాచొద్దు. సర్టిఫికెట్ నకలు జతచెయ్యండి. ఈయన తిట్టిన మాట తిట్టినట్టుగా, ఈమె ఎట్లా చెప్పిందో అట్లాగే రాయండి. అట్రాసిటీ సెక్షన్లు వెయ్యండి."

"మేడమ్, కోర్టు..."

"చట్టం వర్తిస్తుందో లేదో కోర్టు తేలుస్తుంది. రాసుకోవడం నా పని. కోర్టు చేయాల్సిన పని ఈ బల్ల దగ్గర మనం చేసేస్తే ఆవిడ కోర్టు దాకా ఎట్లా పోతుంది?" తర్వాత వెంకటనారాయణ వైపు తిరిగింది. "మీ అర్జీ మీ ఇష్టమండి. ఎక్కడ వెయ్యాలో తెలుసుగా."

వెంకటనారాయణ లేచి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

యలమంద రాశాడు. ఇన్నేళ్ళలో వదిలేస్తూ వచ్చిన ఆ ఒక్క మాట దగ్గర కాసేపు తటపటాయించి, అదీ రాశాడు. రూలు ప్రకారం అఖిల అంతా పైకి చదివి వినిపించింది. మాలదానా అన్న మాట సర్కారు కాగితం మీంచి, ఎస్సై గొంతులో వినపడేసరికి ఎలీసమ్మ గట్టిగా ఏడ్చింది. కల్లంలో ఏడవలేదు, ఆస్పత్రిలో ఏడవలేదు. ఇక్కడ ఏడ్చింది. అందరూ ఊరుకోమన్న మాటని ఒకరు నిజమని రాసి చదివితే ఏడుపు రాదూ? కళ్ళు తుడుచుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేసింది. అఖిల నకలు ఆమె చేతికిచ్చింది.

తన జవాబులు దేనికి పనికొచ్చాయో తెలిసి జయరావు గారు గుమ్మంలో నిలబడిపోయారు. "నా నోటితో నేనే చెడగొట్టాను గదమ్మా" అన్నారు.

"మీరు నిజం చెప్పారయ్యగారూ. అది చెడగొట్టడం ఎట్లా అవుతుంది?" అంది అఖిల. ఆయన తలూపి, ఫోను తీసుకుని వరండా చివరికి వెళ్ళారు. "రాశారు. అవునమ్మా, నిజంగానే రాశారు" అని ఎవరికో చెప్పడం లోపలికి వినపడింది.

సీఐ ఫోను రావడానికి ఆలస్యం కాలేదు. ఈసారి అఖిలా అని పిలవలేదు.

"ఎఫ్ఐఆర్ నంబరు వేసేశావా?"

"వేశాను సార్. డీఎస్పీ గారికి కూడా పంపాను."

"చాలా పెద్ద పని చేశావు. నిన్ను వీఆర్‌కి పంపుతూ ఆర్డరు వస్తోంది. పక్క స్టేషన్ ఎస్సై సాయంత్రానికి వస్తాడు, చార్జి అప్పగించి జిల్లా ఆఫీసులో రిపోర్టు చెయ్యి. ఆ సర్టిఫికెట్ సంగతి అక్కడ మాట్లాడుకుందాం."

అఖిల ఫోను పెట్టేసింది. వీఆర్ అంటే స్టేషన్ లేని ఎస్సై, కుర్చీ లేని కొలువు. యలమంద మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. "చెప్పా గదా మేడమ్" అన్నాడు. ఆ గొంతులో నిజంగా బాధ ఉంది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఒకటి కాదు, రెండు. ముక్తవరం కల్లాల్లో పని వదిలేసి వచ్చిన ఆడవాళ్ళు దిగుతున్నారు. చేతులు మోచేతుల దాకా మిరప ఎరుపు, తలలకి కట్టుకున్న గుడ్డలు కూడా విప్పలేదు. ఎప్పుడూ వరండా దాటని వాళ్ళు, జయరావు గారిని కూడా దాటుకుని లోపలికే వచ్చేశారు. అందరికంటే ముందు గురవమ్మ, పొడగరి, ఎలీసమ్మకి తోటికోడలు వరస.

"అమ్మా, ఇక్కడ ఇయ్యాల ఉన్నదున్నట్టు రాస్తన్నారంట, నిజమేనా?"

"నిజమే," అంది అఖిల.

"పాతది కూడా రాస్తారా? మూడేళ్ళయింది మాది."

అఖిల గోడ గడియారం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. సాయంత్రం దాకా ఈ కుర్చీ తనదే. "రాస్తాం. అందరివీ రాస్తాం. కూర్చోండి. యలమంద గారూ, కాగితాలు తీయండి."

యలమంద కొత్త కాగితం తీసుకున్నాడు. తేదీ వేశాడు. ఫిర్యాదు చేసేవాళ్ళ పేరు దగ్గర గురవమ్మ అని రాశాడు. ఈసారి కులం గురించి తనే అడిగాడు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఏం జరిగింది?" అంది అఖిల.

"నీళ్ళ కాడ మా ఆయన్ని పడేసి కొట్టారమ్మా. ఆ దెబ్బలకే మంచం పట్టి పోయాడు. కొట్టినోళ్ళ సంగతి తర్వాత చెప్తా. ఆ పొద్దు ఆయన్ని మంచమ్మీద ఏసుకుని ఇక్కడికే వచ్చాం. కులం పేరెట్టి తిట్టారని మొత్తుకున్నా. ఆ మాట వద్దులేమ్మా అని రాయకుండా పంపేశారు. చర్చికి పోతావా అని అడిగి, పోతానంటే నవ్వి, ఇంటికి పొమ్మన్నారు. ముందు ఆ రాయని మనిషి మీద రాయండి."

"ఎవరు?"

గురవమ్మ ఎర్రటి చెయ్యెత్తి బల్లకి అవతల కూర్చున్న మనిషిని చూపించింది. ఎవరి మీద ఫిర్యాదో రాయాల్సిన చోట యలమంద కలం ఆగింది. తలెత్తి అఖిలను చూశాడు. మూడు నెలల నుంచి ఈ స్టేషన్‌లో తనని అన్నం తిన్నారా అని అడిగిన ఒకే ఒక్క మనిషి అతను.

"రాయండి యలమంద గారూ," అంది అఖిల.